లక్ష్మివారం నాటి వేటగాడు

తేదీ లేని సంగతిని నేను నమ్మను. "పూర్వం", "అనాదిగా", "ఎన్నో ఏళ్ళనాడు" అని ఎవరైనా కథ మొదలుపెడితే ముందు ఏ సంవత్సరమో చెప్పమంటాను. చెప్పలేకపోతే లేచి వెళ్ళిపోతాను. నా పెళ్ళిచూపులలో ఒకసారి అమ్మాయి పుట్టిన తేదీ అడిగాను. "పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అన్నాడు వాళ్ళ నాన్న. ఏ గాలివాన, ఏ నెల అని నిలదీశాను. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ అమ్మాయి అదృష్టవంతురాలని మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ అంటూ ఉంటారు.

అటువంటి నేను, ఇరవై ఏడో ఏట, తేదీ అన్నది బొత్తిగా లేని ఒక రాతిబండ వెంట ఏడాదికి పైగా తిరగవలసి వచ్చింది. మా మేనమామ కోసం తిరిగాననుకున్నాను. నిజానికి మా అత్త కోసం.

అది 1968. అప్పటికి విజయనగరం జిల్లా లేదు. 1979 దాకా లేదు. బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. నేను బొబ్బిలిలో లెక్కల మేష్టరుగా ఉండేవాణ్ణి. మా మావ ఊరు అక్కడికి పడమటగా, కొండల మొదట్లో ఉంటుంది. బస్సు దిగాక ఆరు మైళ్ళు నడవాలి. ఆ ఆరు మైళ్ళనూ ఊరివాళ్ళు "కూతవేటు దూరం" అనేవారు. అంత దూరం వినిపించేలా కూసే ప్రాణి ఏదో నేటికీ నాకు తెలియదు.

ఆ ఊరికి ఉత్తరాన, పొలాల నడుమ, నేలకు జానెడెత్తున పరుచుకున్న నల్లబండ ఒకటి ఉండేది. తొంభై రెండు అడుగుల పొడవు, నలభై ఒక్క అడుగుల వెడల్పు. టేపు పట్టి నేనే కొలిచాను. ఊళ్ళో మిగిలినవాళ్ళు మట్టి కళ్ళాలలో పంట నూర్చుకుంటూ, ఏడాది పొడుగునా అన్నంలో రాళ్ళు నములుతూ ఉంటే, మా మావ, మా అత్త అన్నగారు మాత్రం ఆ బండ మీద నూర్చేవారు. ధాన్యం కడిగినట్టు ఉండేది. ఆ బండ మీదికి చెప్పులతో ఎవరినీ ఎక్కనిచ్చేవారు కారు. గింజ రాలే చోట చెప్పు పెట్టకూడదన్నది మా వైపు కళ్ళాల నియమం.

బండ ఇద్దరికీ ఎలా వచ్చిందో చెప్పాలి. అత్తదీ ఆ ఊరే. ఆమె తండ్రి కూతురికి పసుపుకుంకుమ కింద ఏదో ఒకటి ఇవ్వాలి. పొలం ఇవ్వడానికి చెయ్యి రాలేదు. బాగా ఆలోచించి బండలో సగం ఇచ్చాడు. పుట్టింటినుంచి రాయి తెచ్చుకున్న ఆడపడుచు నాకు తెలిసినంతలో ఆమె ఒక్కతే. తేడా రాకూడదని ఆయన బండ నడిమధ్యన, ఈ అంచునుంచి ఆ అంచుకు, ఉలితో అడ్డంగా ఒక గీత కొట్టించాడు. గీతకు పడమటి సగం అత్తది, తూర్పు సగం ఆమె అన్నది. ఇంత శ్రద్ధగా పంచిన మనిషి బండ ఎవరిదో మాత్రం కనుక్కోలేదు. రికార్డులలో అది ప్రభుత్వ పోరంబోకు. అంటే అల్లుడికి ఆయన కట్నంగా సర్కారువారి ఆస్తి ఇచ్చాడన్నమాట.

మనుషులను గీత ఆపింది గానీ గాలిని ఆపలేదు. మా వైపు పుష్యమాసంలో పొద్దుటి గాలి పడమటినుంచి వస్తుంది. మావ తన సగంలో నిలబడి ధాన్యం తూర్పారబడితే, పొల్లు, దుమ్ము వెళ్ళి అవతలి రాశి మీద పడేవి. 1961 నూర్పులలో అత్త అన్నగారి రాశి మీద ఆ విధంగా పడిన పొల్లు ఎంతో నేను చూడలేదు. ఆయన చెప్పిన లెక్క ప్రకారం మావకు ఆ ఏడు పండిన పంట మొత్తం పొల్లే అయి ఉండాలి. ఆ రోజునుంచి బావ, బావమరిది మాట్లాడుకోలేదు. అన్నాచెల్లెళ్ళ మధ్య కూడా రాకపోకలు ఆగిపోయాయి.

మాట్లాడుకోలేదంటే నోరు మూసుకున్నారని కాదు. అవతలివాడికి వినిపించేలా ఎవరి ఎద్దుతో వాళ్ళు మాట్లాడేవారు. మా వైపు పడనివాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. "ఒరే ఎర్రా, కొంతమందికి సిగ్గుండదురా" అని అత్త అన్నగారు తన ఎర్ర ఎద్దుతో అంటే, "ఒరే బూడిదా, ఇన్నావేటి, గుమ్మడికాయల దొంగ బుజాలు తడుముకుంతన్నాడు" అని మావ తన బూడిదరంగు ఎద్దుతో అనేవాడు. ఏడేళ్ళలో ఆ ఎడ్లు రెండూ విన్న తిట్లు నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను వినలేదు.

ఇక బండ మీది బొమ్మలు. బండ పొడుగునా రాతితో రాతిని పొడిచి చేసిన జంతువులు ఉండేవి: పొడవైన కొమ్ముల ఎద్దులు, ఒక కుక్క, ఒక లేడి, విల్లు పట్టిన మనిషి. బండ రంగులోనే కలిసిపోయి ఉండేవి గనక మామూలు కంటికి ఆనేవి కావు. నూర్పుల ముందు అత్త బండంతా పేడతో అలికేది. నూర్పులు అయ్యాక వానలకు అలుకు కొట్టుకుపోయి, గుంటలలో మాత్రం మిగిలేది. అప్పుడు కనబడేవి, పేడతో గీసినట్టు. లేడి గీతకు తూర్పున ఉండేది. దాన్ని తరిమే వేటగాడు, కుక్క, ఎద్దులు పడమటి వైపు. వేటగాడి బాణం మొన గీతకు నాలుగు అంగుళాల ఇవతల ఆగింది. వేటగాడు మా మావ ఆస్తి, వేట ఆయన బావగారి ఆస్తి.

వేటగాడు నిలువునా పదకొండు అంగుళాలు. చెక్కినవాడు అతని శరీరంలో ఏ భాగానికి ప్రాధాన్యం ఇచ్చాడో చెప్పడం నాకు ఇష్టం లేదు; కొలత మాత్రం చెబుతాను. విల్లు పొడవులో మూడో వంతు. అలికేటప్పుడు అత్త ఆ చోట ఒక పిడికెడు పేడ ఎక్కువ వేసి అరచేత్తో అదిమేది. "సిగ్గులేని సచ్చినోడు" అని ప్రతి ఏడూ తిట్టేది కూడా.

1968 దసరా సెలవులలో నేను వెళ్ళేసరికి బండ మీద ఎర్ర రంగు గుర్తులు ఉన్నాయి. బస్సు దిగే చోటినుంచి ఊరిదాకా రోడ్డు వేస్తున్నారు. కంకరకు ఈ బండ కొట్టుకోవచ్చని కాంట్రాక్టరుకు అనుమతి వచ్చింది. మావ బండ మీద గొంతుక్కూర్చుని ఆ గుర్తుల్ని ఉమ్మితో తుడవడానికి ప్రయత్నిస్తున్నాడు.

"ఒరే అల్లుడా, నువ్వు సదూకున్నోడివి. ఏటి సెయ్యాలో సెప్పు" అన్నాడు.

"కాగితం ఏమైనా ఉందా మావా?"

జవాబు అత్త చెప్పింది. "బండకి కాయితమేటిరా? బండే కాయితం. మజ్జిన మా నాన్న కొట్టించిన గీత అగపడ్డం లేదేటి నీకు?"

"తాసిల్దారుకు ఆ గీత సరిపోదు అత్తా."

ఆమె చీర చెంగుతో ముఖం తుడుచుకుని, "ఏడేళ్ళయి నా అన్న నా గుమ్మం తొక్కనేదు. ఇదే ఊళ్ళో ఉండి పుట్టింటి గడప నాను తొక్కనేదు. నాకు పుట్టింటిది మిగిల్నాదంటే ఈ సగం బండే. ఇదీ రోడ్డు మీద పోసీసి దాని మీద బస్సు నడిపేస్తారేటి?" అంది.

నా కాళ్ళ కింద ఎద్దు బొమ్మ కనబడింది. పురాతనమైనదని తేలితే బండను కొట్టనివ్వరు గదా అనిపించింది. ఆ మాటే అన్నాను.

మావ ముఖం వెలిగింది. "పురాతనమంటే పురాతనం గాదేటి! పాండవులు అడివిలో ఉన్నప్పుడు గీసినారు. భీముడు గీసినాడు."

పాండవులు వండుకున్న బండ, పడుకున్న బండ, పాచికలాడిన బండ అంటూ అప్పటికే మా జిల్లాలో చాలా బండలు చూసి ఉన్నాను. వనవాసం పన్నెండేళ్ళు, అజ్ఞాతవాసం ఒక ఏడు. ఆ బండలన్నిటి మీదా పడుకోవడానికే ఆ పదమూడేళ్ళూ చాలవు. బొమ్మలు చెక్కే తీరిక ఎక్కడిది? మావకు ఈ లెక్క చెప్పాను. "భీముడు బలమైనోడురా, నీలాగ్గాదు" అన్నాడు.

పురావస్తు శాఖకు అర్జీ రాశాను. ప్రతి జంతువు పొడవు, వెడల్పు, తోక సహితంగా ఇచ్చాను. ఎంత పాతవన్న చోట మాత్రం రాయడానికి ఏమీ దొరకలేదు. అరగంట కలం పట్టుకు కూర్చుని, చివరికి "చాలా" అని రాశాను. అంత అవమానకరమైన అంకె నేను మరెప్పుడూ వాడలేదు.

వాళ్ళు బదులిచ్చారు. 1969 జనవరిలో, భోగికి ముందు శనివారం, ఒక అధికారి వచ్చి చూస్తాడన్నారు. బండ కడిగి ఉంచమని మావకు కబురు పెట్టాను. ఇతర సలహాలు ఏవీ ఇవ్వలేదు. ఇవ్వవలసి ఉంటుందని తోచలేదు.

ఆ శనివారం బొబ్బిలిలో నేను అధికారి జీపు ఎక్కాను. నా ఈడువాడే. మెత్తని మనిషి, కొత్త బూట్లు, మెడలో కెమెరా. ఆ రోజులలో మా కొండల మొదట్లో జీపు కనబడితే నక్సలైట్ల కోసం గాలించే పోలీసులని అర్థం. మేము చేరేసరికి ఊళ్ళో మగవాళ్ళందరూ పొలాలకు నీళ్ళు కట్టడానికి వెళ్ళిపోయారు. కోతలు అయిపోయి, చేలు బీటలు వేసి ఉన్నాయి; నీళ్ళు దేనికి కట్టారో నేను అడగలేదు. మావ ఒక్కడూ తలపాగా చుట్టుకుని బండ దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన అత్త, చేతిలో మంచినీళ్ళ చెంబుతో. గీతకు అవతల, తన గడ్డిమోపు మీద, ఉతికిన పొందూరు పంచె కట్టుకుని అత్త అన్నగారు. తమాషా చూడడానికి రాలేదని చూపించుకోవడానికి ఎర్ర ఎద్దును కూడా తోలుకొచ్చాడు.

అధికారి బూట్లు విప్పి, మేజోళ్ళతో బండ ఎక్కాడు. కుడికాలి మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. రెండడుగులు వేసి ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను.

పడమటి సగంలో జంతువులన్నీ నౌపడ ఉప్పుకుప్పల్లా తెల్లగా మెరిసిపోతున్నాయి. ఎద్దులు, కుక్క, వేటగాడు. అంచులు చురుగ్గా, గుంటలు లోతుగా, ఆ గుంటలలో ఇంకా రాతిపొడి.

అధికారి వంగి, వేలితో ఆ పొడి తీసి చూసుకున్నాడు. "ఇవి ఎప్పుడు చెక్కారు?" అన్నాడు, నెమ్మదిగా.

"మొన్న లచ్చివారం బాబూ" అన్నాడు మావ. గొంతులో గర్వం దాగలేదు. "పొద్దున్న మొదలెట్టినారు, బువ్వలేలకి అయిపోనాది."

బొమ్మల తేదీ కోసం మూడు నెలలకు పైగా నేను పడిన యాతన అలా తీరింది. లక్ష్మివారం, అంటే గురువారం. 1969 జనవరిలో రెండో గురువారం. ప్రపంచంలో ఇంత కచ్చితంగా కాలనిర్ణయం జరిగిన ఆదిమ శిల్పం మరొకటి ఉంటుందనుకోను.

జరిగింది ఇదీ. పండుగ పిండి విసుర్లకు ముందు మా ఊళ్ళకు రాళ్ళు కొట్టేవాళ్ళు వస్తారు, ఆలుమగలు, భుజాన ఉలీ సుత్తీ సంచి వేసుకుని. తిరగలి, రోలు అరిగి నున్నబడితే గింజ నలగదు. అందుకని వాటి ముఖాన ఉలితో సన్నగా పొడిచి మళ్ళీ గరుకు చేస్తారు. కక్కు కొట్టడమంటారు దాన్ని. మా వైపు ప్రతి ఇంటిలో ఏటా జరిగే పని. లక్ష్మివారం నాడు ఆ ఆలుమగలు వీధిలో "తిరగలి కక్కో, రోలు కక్కో" అని కేక వేసుకుంటూ పోతూ ఉంటే, మావకు ఆలోచన వచ్చింది.

"అరిగిపోనాయిరా ఆ బొమ్మలు" అని తరువాత నాకు వివరించాడు. "ఏటీ ఆనడం లేదు. పైనుంచి ఆఫీసరొస్తన్నాడు. అరిగిపోయిన తిరగలి పారేస్తావేటి? కక్కు కొట్టిస్తావు. నానూ కొట్టించినాను. అందులో తప్పేటి?"

తర్కంలో నాకు లోపం కనబడలేదు. అదే నా బాధ.

ఆ రోజు జరిగిన మిగతా సంగతులు అత్త చెప్పింది. ఒక ఎద్దుకు మూడే కాళ్ళు ఆనుతూ ఉంటే, నాలుగోది రాళ్ళు కొట్టే అతను ఊరికే కొట్టి ఇచ్చాడట. వేటగాడి దగ్గరికి వచ్చేసరికి సుత్తి దించి, "బాబూ, ఇది ఉన్నంతే కొట్టీమన్నారా, తగ్గించీమన్నారా?" అని అడిగాడట. "ఆఫీసరొస్తన్నాడు, తగ్గించకు" అన్నాడట మావ. "పెంచకు కూడా" అందట అత్త. అతని భార్య అంతసేపూ కొండకేసి చూస్తూ కూర్చుందట.

అధికారి బండ మీదే చతికిలబడ్డాడు. అటువైపునుంచి అత్త అన్నగారి గొంతు వినిపించింది.

"ఒరే ఎర్రా, సూసినావేటి? అరవయ్యేళ్ళ తాతకి మీసాలకి రంగేసి పెల్లిపీటల మీద కూకోబెట్టినారు. పిల్లనిస్తారేటిరా?"

మావ తన ఎద్దు కోసం చుట్టూ చూశాడు. ఆ రోజు తోలుకు రాలేదు. జవాబు చెప్పడానికి ఎద్దు లేక, మింగేశాడు.

అధికారి లేచి గీత దాటి తూర్పు సగంలోకి వెళ్ళాడు. లేడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాడు. లేడి బండ రంగులోనే ఉంది. మెడ వెనక్కి తిప్పి, తెల్లబడిపోయిన వేటగాడికేసి చూస్తోంది.

"ఇది నిజం" అన్నాడు. "ఇది చాలా పాతది."

"ఈ వైపు కక్కు ఎందుకు కొట్టించలేదు?" అని అత్త అన్నగారిని అడిగాను. ఏ పురావస్తు జ్ఞానమో ఆయనను ఆపిందనుకుంటే పొరపాటు. ఆయన ఎద్దుకేసి తిరిగాడు. "పక్కోడు సేసిన పని నానెందుకు సేస్తానురా ఎర్రా? ఆడు అటు కొట్టిస్తే నానిటు కొట్టించను. ఆడు కొట్టించకపోతే నాను కొట్టించుదును." దేశచరిత్రలో ఒక లేడి మిగలడానికి కారణం అంతకు మించి ఏమీ లేదు.

నేను అధికారిని నా ప్రశ్న అడిగాను. "పాతదంటే ఎంత?"

"రెండు వేల ఏళ్ళు కావచ్చు. నాలుగు వేలు కూడా కావచ్చు."

"మధ్యలో రెండు వేలు ఉన్నాయి" అన్నాను.

"అవునండీ" అన్నాడు అతను, ఏ మాత్రం సిగ్గుపడకుండా. నా క్లాసులో ఏ పిల్లవాడైనా రెండుకీ నాలుగుకీ మధ్య ఏదో ఒకటి అని రాస్తే గోడకుర్చీ వేయించేవాణ్ణి. ఇతనికి ప్రభుత్వం జీపు ఇచ్చింది.

అత్త మంచినీళ్ళ చెంబు అందించి, అతను తాగేదాకా ఆగింది. "బాబూ, నా సగానికేటి?" అంది.

అతను చెంబు కింద పెట్టాడు. పైపొర మొత్తం ఉలి తీసేసిందనీ, కింద పాతది ఉండేదని తనకు తెలిసినా చూపించడానికి ఏమీ మిగలలేదనీ, తూర్పు సగాన్ని కొట్టవద్దని మాత్రమే తాను రాయగలననీ చెప్పాడు. "నిన్నటిదానికి రక్షణ ఇవ్వరమ్మా" అన్నాడు.

"మొన్నటిది" అన్నాను. అందరూ నాకేసి చూశారు. తేదీ విషయంలో నేను ఊరుకోలేను.

"అంటే మా అన్నది ఉంటాది, నాది పోతాది" అంది అత్త. "అంతే గదా?"

అతను బూట్లు తొడుక్కోవడంలో నిమగ్నమయ్యాడు. అత్త చెంబు తీసుకుని గీత వెంట నడిచి ఇంటికి వెళ్ళిపోయింది. మొగుడి ముఖం గాని, అన్న ముఖం గాని చూడలేదు. ఆ రోజు అత్త అన్నగారు కూడా ఎద్దుతో మరి మాట్లాడలేదు.

తూర్పు సగాన్ని "తదుపరి ఉత్తర్వుల వరకు" ముట్టరాదని కాంట్రాక్టరుకు తాఖీదు వెళ్ళింది. ఆ తదుపరి ఉత్తర్వులు నేటికీ రాలేదు. ఈ దేశంలో దేనినైనా శాశ్వతంగా కాపాడే పద్ధతి అదొక్కటే. నూర్పులు ముగిశాక, 1969 మే నెలలో, పడమటి సగానికి మనుషులు వచ్చారు. రాయి ఎక్కడినుంచి చీల్చాలా అని వాళ్ళు తడుముకోనక్కర లేకపోయింది. అత్త తండ్రి కొట్టించిన గీత సిద్ధంగా ఉంది. దాని వెంటే వరసగా గుంటలు తొలిచి, మేకులు దిగ్గొట్టారు. బండ ఆ గీత మీద శుభ్రంగా, ఆయన పంచినట్టే, రెండుగా విడిపోయింది. వేటగాడు, కుక్క, నాలుగు కాళ్ళు పూర్తయిన ఎద్దు, అంగుళమున్నర కంకరై రోడ్డు మీదికి వెళ్ళిపోయారు. మావ ఒక్క ముక్క తెచ్చుకున్నాడు. విల్లు ఉన్న ముక్క అని ఆయన అన్నాడు. అది విల్లు కాదని నాకు అనుమానం. అత్త దాన్ని బోర్లించి ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెట్టింది.

ఆ ఏడు మావ మట్టి కళ్ళం చేశాడు. ముందు చోళ్ళు, అంటే రాగులు, నూర్చారు. ఆ చోడి అంబలిలో మావకు ఒక రాయి తగిలి, కింది దవడ పన్ను సగం విరిగింది. అత్త జాలిపడలేదు. "కక్కు కొట్టించుకో" అంది.

డిసెంబరు ఆఖరుకు వరి నూర్పులు వచ్చాయి. క్రిస్మసు సెలవులకు నేను వెళ్ళి ఉన్నాను. పొద్దున్నే అత్త మావకు చెప్పకుండా బండి కట్టించి, వరికుప్ప దగ్గర మోపులు ఎత్తించి, తిన్నగా బండ దగ్గరికి తోలించింది. మావ వెనకాల పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనకాల నేను. ఒకప్పటి పడమటి సగం ఉన్న చోట ఇప్పుడు మోకాలి లోతు గొయ్యి. బండి ఆ గొయ్యి అంచున ఆగింది. అవతల, తెగిన రాతి అంచు మీద, అత్త అన్నగారు ఎర్ర ఎద్దుతో నిలబడి ఉన్నాడు.

ఆయన ఎద్దు మెడ నిమిరి, "ఒరే ఎర్రా, ఎవులో దారి తప్పి వొచ్చినట్టున్నారు. ఆల్ల కల్లం రోడ్డు మీదుందని సెప్పు" అన్నాడు.

మావ నోరు తెరిచాడు. ఈసారి ఆయనకు ఎద్దు ఉంది, బండికి కట్టి. "ఒరే బూడిదా" అని అందుకున్నాడు.

"నోర్ముయ్యండి ఇద్దరూ" అంది అత్త. గొయ్యిలోకి దిగి, అవతలికి ఎక్కి, అన్న ఎదుట నిలబడింది. "ఆ ఎద్దుకేటి సెప్తావు? నాకు సెప్పు. నా మొకం సూసి సెప్పు. నాన్న నాకిచ్చింది పోనాది. నీది ఉన్నాది. నా వరి నాను ఎక్కడ నూర్చుకోమంటావు?"

ఆయన ఆమె ముఖం చూడలేకపోయాడు. ఎద్దు ముఖం చూశాడు. ఎద్దు నెమరు వేస్తోంది. అది కూడా ఆదుకోలేదు.

"నీ మొగుడు సుత్తి తెస్తాడేటో అని" అన్నాడు చివరికి.

ఎనిమిదేళ్ళ తరువాత మావ ఆయనతో నేరుగా అన్న మొదటి మాట ఇది: "నీ లేడికి కక్కు కొట్టిస్తే కూలి దండగ, బావా. దాని మొకం ఎవుడు సూస్తాడు?"

"హైదరాబాదునుంచి వొచ్చి సూసినార్రా! భూతద్దం ఎట్టి సూసినారు! నీదాన్ని సూసి కూలబడిపోనాడు గదా పాపం ఆ బాబు."

"కూలబడ్డాడు. అంత బాగున్నాయి మరి."

అత్త అన్నగారికి నవ్వు వచ్చింది. ఆపుకోబోయి, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మావకేసి చెయ్యి ఊపి, "దింపు మోపులు" అన్నాడు. వెంటనే నాకేసి తిరిగి, "మేష్టరా, టేపుందేటి? సరిగ్గా సగానికి కొలిసి గీత గియ్యి. నా సెల్లెలి సగం నా సెల్లెలికి" అన్నాడు.

టేపు నా జేబులోనే ఉంది. ఎప్పుడూ ఉంటుంది. మిగిలిన బండ నలభై ఆరు అడుగులు. ఇరవై మూడు దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టబోయాను. అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"గీత వొద్దురా. గీత ఉంటే మల్లా ఎవుడో వొచ్చి దాని ఎంటే కోసుకుపోతాడు."

సుద్దముక్క జేబులో వేసుకున్నాను. నా జీవితంలో కొలిచి గుర్తు పెట్టకుండా వదిలేసిన పొడవు అదొక్కటే, ఇరవై మూడు అడుగులు.

ఆ మధ్యాహ్నమే అత్త బండ అలకడానికి కూర్చుంది. అన్నగారి భార్య పేడ కలిపి ఇచ్చింది. అత్త లేడి మీదుగా, అటూ ఇటూ చూసుకోకుండా, తూర్పు అంచునుంచి తెగిన అంచుదాకా అలుక్కుంటూ వచ్చింది. అంచు దగ్గరికి వచ్చాక, చేతిలో ఒక పిడికెడు పేడ మిగిలి, అది పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"ఏటలా కూకున్నావు?" అన్నాడు మావ.

"ఆ సచ్చినోడికని అలవాటుగా ఉంచీసినాను" అంది.

గొయ్యికేసి చూసి, తరువాత రోడ్డుకేసి చూసింది. ఆ పూట బస్సు ఊళ్ళోకి వస్తోంది. ఆరో మైలులో కొత్త కంకర మీద ఎగిరెగిరి పడుతోంది. అత్త ఆ పిడికెడునూ తీసుకెళ్ళి, ఎదురుగా కట్టేసి ఉన్న ఎర్ర ఎద్దు వీపు మీద చరిచింది. ఎనిమిదేళ్ళుగా సిగ్గులేని మాటలన్నీ విన్నది అదే గదా అని.